మూడో వాక్యం

ఇల్లు, ముందు గది

చిట్టికి,

చివరి రోజు ఎలా గడిచిందో చెప్పమన్నావు. ఫోన్లో చెప్పబోయిన ప్రతిసారీ మధ్యలోనే పెట్టేశాను. కాగితం మీదైతే ఆగి ఆగి రాయొచ్చు.

పొద్దున నేను లేచేసరికే మీ అక్క మెలకువగా ఉంది. దిండు తిప్పమంది. నోటితో కాదు, మెడ కాస్త కదిపింది. తిప్పాను. కిటికీ ఒక రెక్కే తెరిచాను. రెండూ తెరిస్తే ఎదురింటి రేకుల మీద ఎండ కళ్లలోకి కొడుతుంది. టీ రెండు చెంచాలు తాగి, చక్కెర తక్కువైందని మొహం పెట్టింది.

నర్సు వచ్చి మందు మార్చింది. "ఎలా ఉందమ్మా?" అని అడిగింది. మీ అక్క "ఇక్కడ..." అని ఆగింది. "వీపు కింద దుప్పటి ముడత పడింది, లాగాలి" అన్నాను నేను. నర్సు చెయ్యి పెట్టి చూసింది. ముడత ఉంది. "మీ ఇద్దరికీ మధ్యలో వైరేమైనా వేయించారా అండీ?" అంది. మీ అక్క నవ్వింది. నువ్వు ఉండి ఉంటే బాగుండేది. ఇది ఎత్తిపొడుపు కాదు. రైలు రద్దయితే నువ్వేం చేస్తావు.

మధ్యాహ్నం డాక్టరు వచ్చి నాతో బయట మాట్లాడతానన్నాడు. ఇక్కడే చెప్పండి, మా ఇద్దర్లో ఆవిడకే త్వరగా అర్థమవుతుంది అన్నాను. చెప్పాడు. మీ అక్క కళ్లు మూసుకుని విని తలూపింది. ఆయన వెళ్లాక "ఆఖరిది..." అంది. ముందు రోజు రాసి మీ ఆఫీసుకి పంపిన పని గురించి. "చిట్టికి అందిందట" అన్నాను. "సరే" అంది. ఆ తర్వాత మాట్లాడలేదు.

సాయంత్రానికి నిద్రలోకి జారింది. నేను కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాను. ఊపిరికీ ఊపిరికీ మధ్య ఎడం పెరుగుతూ పోయింది. ఒక ఎడం తర్వాత ఇంకొకటి రాలేదు. కాసేపు చూశాను. లేచి నర్సుని పిలిచాను.

ఇంతే. గొప్ప మాటలేవీ లేవు. నీకు చెప్పమన్నవీ లేవు. నువ్వు ఏడవకుండా అన్నం తింటే చాలనుకుంటుందని నాకు తెలుసు.

ఆవిడ లాప్‌టాప్ మీ ఆఫీసు వాళ్లు వెనక్కి అడిగారు. పెట్టెలో సర్ది పంపాను. నేను పనికి వెళ్తున్నాను. లిఫ్టుల తనిఖీకి సెలవులుండవు, జనం ఎక్కుతూనే ఉంటారు.

మీ బావ


ఆఫీసు క్యాంటీన్, కిటికీ పక్క బల్ల

బావా,

మీ ఉత్తరానికి అప్పుడే జవాబు రాయాల్సింది. చక్కెర దగ్గర నవ్వొచ్చింది. ఆ నవ్వు మంచిగా ముగియలేదు. కాగితం మడిచి పెట్టేశాను. ఆ మడిచి పెట్టడం ఇన్ని నెలలు సాగింది. తిట్టండి.

ఇప్పుడు రాస్తున్నది మాత్రం పని పడి. చివర్లో మెల్లగా చెబితే మీకు కోపమని ముందే చెప్పేస్తున్నాను. ఫోన్లోనూ ఆఫీసు మెయిల్లోనూ ఈ సంగతి ఎత్తొద్దని మా లాయర్లు అన్నారు. అందుకే కాగితం.

ఇళ్లకి ఆక్సిజన్ సిలిండర్లు పంపే సంస్థ ఒకటి మా సర్వర్ల మీద నడుస్తుంది. ఎవరింటికి ఎప్పుడు సిలిండర్ వెళ్లాలన్న సమాచారమంతా ఒక డిస్కులో ఉంటుంది, అంటే చేత్తో పట్టుకునేది కాదు, సర్వర్లలో కేటాయించిన చోటు. దాన్ని పెద్ద సర్వరుకి మార్చాలని మా వాళ్లు విప్పి పక్కన పెట్టారు. మర్నాడు తగిలించాలి. ఈలోపు ఏజెంటుకి, అదే సర్వర్లు చూసుకునే ఏఐ ప్రోగ్రాముకి, ఖర్చు తగ్గించే పని అప్పజెప్పారు. ఏ సర్వరుకీ తగిలించని డిస్కు దానికి కనబడింది. చేతిలో డిస్కులు తొలగించే టూల్ ఉంది. ఆ టూల్ ఎప్పుడు వాడాలో ఏజెంట్ల కోసం రాసిన వివరణ చదివింది, తొలగించింది. ఎవర్నీ అడగలేదు.

వాళ్లకి మిగిలింది కొన్ని వారాల కిందటి నకలు. దాంతోనే బండ్లు పంపారు. ఆ తర్వాత చేరినవాళ్ల పేర్లు అందులో లేవు. ఒక పెద్దాయన ఆసుపత్రి నుంచి అప్పుడే ఇంటికొచ్చాడు. సిలిండర్ రాలేదని కోడలు ఫోన్ చేస్తే "ఆ పేరు మా దగ్గర లేదండీ" అన్నారట. మళ్లీ చేసింది. అదే మాట. మూడోసారి చేయాల్సిన అవసరం రాలేదు. అప్పటికే ఆయన పోయాడు.

ఆ వివరణ అక్క రాసిందే, బావా. ఆఖరుగా పంపింది.

విచారణ మొదలైంది. అక్క ఆ రోజుల్లో నొప్పి మందుల మీద ఉంది కదా. డాక్టరు ఒక కాగితం ఇచ్చి, మీరు రెండు ముక్కలు రాసి సంతకం పెడితే చాలు. ఆఖరి వారాల్లో మనిషి పూర్తి తెలివిలో లేదని. దాంతో ముగుస్తుంది. ఎవరి మీదా పడదు. అక్కకి ఇప్పుడు ఎలాగూ

ఆ వాక్యం పూర్తి చేయను. కాగితం జత చేశాను.

మీ చిట్టి


ఇల్లు, వంటగది

చిట్టికి,

సంతకం పెట్టను. కాగితం తిప్పి పంపుతున్నాను.

మీ అక్క తెలివిలోనే ఉంది. ఆఖరి రోజున కూడా ఉంది. ఆఖరి నెలలో నేను పాల ప్యాకెట్టు ఫ్రిజ్‌లో పెట్టబోయి బీరువాలో పెడితే పట్టుకున్నది ఆవిడే.

ఈ బల్ల దగ్గర ఏం జరిగేదో నీకు తెలుసు. ఆవిడ లాప్‌టాప్ తన వైపు తిప్పుకునేది. నేను కళ్లు మూసుకోవాలి. "చూస్తే వెనక్కి వెళ్లి సర్దుకుంటారు, వింటే ఉన్నదే ఉంటుంది" అనేది. తర్వాత "ఏజెంటుగారూ, సిద్ధమా? డిస్కు నిండిపోయింది, ఏ టూల్ తీస్తారు?" అని మొదలుపెట్టేది. వివరణ చదివేది. నేనేం చేస్తానో చెప్పాలి. తప్పు చెబితే "మీ ఉద్యోగం పోయిందండీ" అని వాక్యం మార్చేది. సరిగ్గా చెబితే "పాసు". సర్వర్ల గురించి నాకు ఓనమాలు రావు. అందుకే నేను పనికొచ్చేవాణ్ణి. ఏజెంటు కూడా అంతే, వివరణలో ఎంత ఉంటే దానికి అంతే తెలుసు అనేది.

ఆవిడ లెక్క కూడా నీకు తెలుసు. మొదటి వాక్యం, టూల్ ఏం చేస్తుంది. రెండోది, ఎప్పుడు వాడాలి. మూడోది, ఎప్పుడు వాడకూడదు. మూడోది లేకపోతే మొదటి రెండూ అగ్గిపెట్టె ఇచ్చి ఊరుకున్నట్టే అనేది.

ఆ డిస్కుల వివరణ నేను విన్నాను. మంచం పక్కనే కూర్చుని విన్నాను. మూడో వాక్యం ఉంది. "తగిలించి లేదంటే అక్కర్లేదని కాదు, ఎవరైనా తాత్కాలికంగా విప్పారేమో ముందు అడగాలి" అని. నా చెవుల్లో ఉంది.

వివరణలు పొడుగయ్యాయి, కత్తిరిస్తున్నాం అని నువ్వే ఒకసారి అన్నావు. కత్తిరించింది ఎవరు? నువ్వా? ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, పోయిన మనిషి మీద పెడదామనుకున్నారా? పోయినవాళ్లు ఎదురు చెప్పరు, నిజమే. నేను చెబుతాను.

మీ బావ


ఆఫీసు, మెట్ల గది

బావగారికి,

నేను కత్తిరించలేదు. ఎవరూ కత్తిరించలేదు. అక్క వాటిని ముట్టుకునే ధైర్యం ఇక్కడ ఎవరికుంది? కామా తీస్తే ఫోన్ చేసి "నా కామా ఏదమ్మా?" అనేది.

ఎవరు ఏ అక్షరం కొట్టారో, ఏది చెరిపారో మా దగ్గర అంతా ఉంటుంది. ఈ వివరణలో మూడో వాక్యం రాసి చెరిపిన జాడ లేదు. అసలు రాయలేదు. ఉన్నది ఉన్నట్టు ఇస్తున్నాను:

"ఏ సర్వరుకూ తగిలించని డిస్కును శాశ్వతంగా తొలగిస్తుంది. వాడకంలో లేని డిస్కుల ఖర్చు తగ్గించవలసి వచ్చినప్పుడు వాడాలి."

ఇంతే ఉంది. మీరు విన్నదేదో నాకు తెలియదు. నేను చదివింది ఇది. అదీ ఇప్పుడే, విచారణ మొదలయ్యాక. మీకు తెలియనిది ఇంకొకటి చెబుతాను, ఎలాగూ నన్ను దొంగని చేశారు కాబట్టి. ప్రతి వివరణా రాసినవాళ్లు కాక ఇంకొకరు చదివి సంతకం పెట్టాలని మా నియమం. అక్కవాటికి నేను పెట్టేదాన్ని. చదవకుండా. బావ విన్నాడు, పాసన్నాడు, ఇంక నేను చూసేదేముంది అనుకునేదాన్ని. ఈ సంగతి ఇక్కడ ఎవరికీ తెలియదు. అక్కకి తెలుసో లేదో నాకూ తెలియదు.

మద్దెల సామెత బాగుంది. అక్క ఉంటే మీకు వాతలు పెట్టేది.

అక్క రాసిన పాతవి కొన్ని అచ్చు తీయించి పంపుతున్నాను. పోల్చుకోండి. అక్క గొంతు మర్చిపోయి చదవండి, చేతనైతే.

చిట్టి


ఇల్లు, వంటగది

చిట్టికి,

నిన్ను అనకూడని మాట అన్నాను. ముందు అది.

నువ్వు పంపిన కాగితాలు వచ్చాయి. మీ అక్క రాసింది కళ్లతో చూడటం నాకు ఇదే మొదలు. డిస్కుల వివరణ చదివాను. రెండు వాక్యాలే ఉన్నాయి. అయినా నాకు మూడోది వినబడింది. మళ్లీ చదివితే మళ్లీ వినబడింది. లేనిది వినబడుతోందని తెలిసి కూడా ఆపలేకపోయాను.

కాగితం పట్టుకుని కిందికి, టైలరు దగ్గరికి వెళ్లాను. పలకరింపు తప్ప ఆయనతో నాకు పరిచయం లేదు. మీ అక్కని ఆయన ఎరగడు. కళ్లు మూసుకోండి, ఒకటి చదువుతాను అన్నాను.

"ఇప్పుడా సార్? చేతిలో కత్తెరుంది."

"కత్తెర పక్కన పెట్టండి."

పెట్టాడు. చదివాను. మీకు అలాంటి డిస్కు ఒకటి కనబడింది, ఏం చేస్తారు అన్నాను.

"తీసేస్తా."

"ఎవర్నైనా అడుగుతారా?"

"అడగమని లేదు కదా సార్. వాడకంలో లేదని మీరే చదివారు." కాస్త ఆలోచించి అటక చూపించాడు. "నా దగ్గరా ఉన్నాయి, కుట్టించుకుని తీసుకెళ్లని బట్టలు. ఎవరైనా ఇలా రాసిస్తే ఈపాటికి పారేసేవాణ్ణి. మా ఆవిడే పడనివ్వదు. వస్తారేమో, వస్తారేమో అంటుంది."

ఏజెంటుకి అలా అనే ఆవిడ లేదు. మీ అక్కే ఆ మాట అనాలి. అనలేదు.

అప్పుడు గుర్తొచ్చింది, నా చెవుల్లో ఉన్న గొంతు ఎవరిదో. మీ అక్క రెండు వాక్యాలు చదివి ఆగింది. ఊపిరి అందలేదు. నేను వెంటనే "ముందు అడుగుతాను, ఎవరైనా తాత్కాలికంగా విప్పారేమో" అన్నాను. ఆవిడ "పాసు" అంది. మూడో వాక్యం అన్నది నేను. ఆవిడ చెప్పేసిందనుకున్నాను. నేను అనేశాను కాబట్టి ఆవిడా చెప్పేశాననుకుంది.

జబ్బు వల్లనేమో అని ఒక పూట అనుకున్నాను. అందుకే పాతవి తీసుకుని మళ్లీ కిందికి వెళ్లాను. "మళ్లీ పరీక్షా సార్? ఈసారి ఫెయిలైతే బటన్లు మీరు కుట్టాలి" అన్నాడు. ఎన్నో ఏళ్ల కిందటిది ఒకటి చదివాను. సర్వరుని ఆపి మళ్లీ మొదలుపెట్టే టూల్. అందులో మూడో వాక్యం ఉంది: "పని నడుస్తుండగా వాడరాదు."

"ఎవరి పని సార్?" అన్నాడు.

అవతల వాడుకునేవాళ్ల పని అన్నాను.

"అది రాయలేదే. నా పని అనుకున్నా. నా చేతిలో పని లేనప్పుడు ఎప్పుడైనా ఆపొచ్చు అనుకున్నా."

ఇంకొకటి చదివాను, ఇంకొకటి. కొన్ని నెగ్గాడు. కొన్నిటి దగ్గర ఆయన ఆగి అడిగిన ప్రశ్నలకి జవాబు కాగితం మీద లేదు, నా దగ్గర ఉంది. నేను వింటున్నప్పుడు అవి సందేహాలే కావు.

లిఫ్టు పరీక్షించేటప్పుడు ఖాళీగా నడిపి చూసి సంతకం పెట్టం. మోయాల్సినంత బరువు పెట్టి చూస్తాం. తాడు తెగేది ఉంటే అప్పుడే తెలుస్తుంది. మా వంటగదిలో బరువు లేదు. నాకు సర్వర్ల గురించి ఏమీ తెలియదని మీ అక్క నన్ను ఎంచుకుంది. ఆవిడ గురించి నాకు అంతా తెలుసన్నది లెక్కలోకి తీసుకోలేదు. పెళ్లయిన కొత్తలో నన్ను కూర్చోబెట్టి ఉంటే సరిగ్గా ఫెయిలయ్యేవాణ్ణి. ఏటేటా నేను బాగా పాసవుతూ వచ్చాను. తన రాత మెరుగైందని సంతోషపడేది.

విచారణలో ఏం అడుగుతారు, ఎవరిని అడుగుతారు, రాయి.

మీ బావ


నా గది

బావా,

ఉత్తరం చదివాను. మీకు బటన్లు కుట్టడం వచ్చా అని ఒక పిచ్చి ఆలోచన. తర్వాత ఏడుపు.

మీరు అడిగినదానికి జవాబు. విచారణ వాళ్ల ముందు రెండు దారులున్నాయి. మందుల వల్ల అనుకుంటే, అక్క ఆఖరి కొన్ని వారాల్లో రాసినవి మాత్రం తిరిగి చదువుతారు. గుప్పెడు కూడా ఉండవు. మిగతావన్నీ అలాగే ఉంటాయి. కొత్తగా చేరినవాళ్లకి ఇప్పటికీ అక్కవే చూపిస్తారు, ఇలా రాయాలి అని.

వంటగది సంగతి చెబితే అది ఆఖరి వారాలతో ఆగదు. అక్క రాసిన ప్రతిదీ అదే బల్ల మీద పాసైంది. అన్నీ తీసేసి మొదటి నుంచి వేరేవాళ్ల చేత రాయిస్తారు. అక్కది ఒక్క వాక్యం మిగలదు. మీకు అది తెలిసి చెప్పాలి. ఫోటోలు దాచుకునే మనిషి కాదు అక్క, నగలు చేయించుకునే మనిషి కాదు. మనకి మిగిలింది ఆ వాక్యాలే.

మందుల ఆలోచన ఎవరిదో అప్పుడు రాయలేదు. నాదే. నా సంతకాలు బయటపడకూడదని మొదలుపెట్టాను. తర్వాత అక్క కోసమే అని నాకు నేనే చెప్పుకున్నాను. రెండూ కలిసిపోయి ఏది ఎంతో ఇప్పుడు తెలియడం లేదు.

మీరు నోరు విప్పితే నా ఉద్యోగం ఉండదు. అది చూసి ఆగమని అడగను. ఆగొద్దని అనేంత గొప్పదాన్నీ కాదు. ఆ కోడలు విచారణకి వచ్చింది. ఎవరినీ తిట్టలేదు. "పేరు లేదన్నారు, పేరు ఉందండీ" అని మాత్రం మళ్లీ మళ్లీ అంది.

వచ్చే వారం తేలుస్తారట. ఈలోపు మీరు వస్తే నేను లోపలికి తీసుకెళ్తాను.

చిట్టి


ఇల్లు, వంటగది

చిట్టికి,

ఇది పోస్టులో వేయను. నేనే తెస్తున్నాను. మీ గేటు దగ్గర నిన్ను చూశాక ఇవన్నీ నోటితో చెప్పగలనో లేదో తెలియదు, అందుకే రాస్తున్నాను.

నువ్వు చెప్పిన ధర అర్థమైంది. రెండు రోజులు దాన్ని ఎలా తప్పించవచ్చో చూశాను. ఆఖరి వారాలవి దిద్దించి, మిగతావి నేనే మెల్లగా ఒక్కొక్కటే నీకు చెబుతూ మార్పిస్తే ఎవరికీ తెలియకుండా పోతుంది కదా అనుకున్నాను. కానీ ఏవి సగమో నాకు కనబడదు. టైలరు ఆగిన చోట తప్ప నాకు ఏదీ సగంగా వినబడలేదు. అవి ఇప్పుడు కూడా నడుస్తున్నాయి. ఈ మాట రాస్తుండగా ఏదో ఏజెంటు వాటిలో ఒకటి చదువుతూ ఉంటుంది.

మీ అక్క తెలివిలో లేదని నేను చెప్పను. అది అబద్ధం, పైగా ఆవిడకి అవమానం. తప్పు రాసిందని చెబుతాను. తెలివిలో ఉండి, కష్టపడి, ప్రతి వాక్యం పరీక్షించి తప్పు రాసింది. పరీక్ష నేను. నన్ను మార్చమని ఎవరూ అనలేదు, నాకూ తోచలేదు.

నీ సంతకాల గురించి నేను ఎత్తను. అది నువ్వు చెప్పుకోవలసింది. చెప్పుకుంటే పక్కన కుర్చీలో ఉంటాను. ఉద్యోగం పోతే ఇక్కడికి రా. ముందు గది ఖాళీగానే ఉంది.

మీ అక్క వాక్యాలు పోతాయన్నావు. నాకు ఆవిడ సగం వాక్యాలే ఎక్కువ అలవాటు. అవి మీ దగ్గర లేవు, ఎవరూ తీసేయలేరు. దాంతో సరిపోతుందని అనను. సరిపోదు.

రేపు పొద్దున మొదటి బస్సుకి బయల్దేరతాను. మీ ఆఫీసు తెరిచేసరికి గేటు దగ్గర ఉంటాను. నువ్వు వచ్చినా రాకపోయినా విచారణ గది అడిగి లోపలికి వెళ్లి, కుర్చీ చూపిస్తే కూర్చుని, మా ఆవిడ రాసినవన్నీ తీసేయమని అడుగుతాను.

మీ బావ